గుణుపురం ఎరువుల షాపు అబ్బాయి: ఒక కెరీర్ కౌన్సెలింగ్ కేసు

ఒడిశాలోని పర్లాకిమిడిలో ఉంటూ గజపతి, రాయగడ జిల్లాల పిల్లలకు కెరీర్ కౌన్సెలింగ్ చేస్తుంటాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా మాట్లాడతారు, కోచింగ్ సెంటర్లో ఇంగ్లీషుతో కుస్తీ పడతారు. ఈ కేసు 2023 వేసవిలో మొదలైంది. కుటుంబం ఒప్పుకున్నాకే రాస్తున్నాను. పేరు రాయను, గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. కింద ‘అబ్బాయి’ అని ఉన్న ప్రతిచోటా ఇతనే.

వచ్చినప్పటి పరిస్థితి

వయసు 24. ఊరు గుణుపురం. తండ్రికి విత్తనాలు, ఎరువులు, పురుగుమందుల షాపు ఉంది. తాతల కాలం నుంచి వ్యాపారమే. ఒక చెల్లెలు, డిగ్రీ చదువుతోంది. అబ్బాయి ఆరు నుంచి పది వరకు ఆంధ్రలోని పార్వతీపురంలో అమ్మమ్మ ఇంట్లో ఉండి తెలుగు మీడియంలో చదివాడు. ప్లస్ టూ కామర్స్, బీకామ్ మాత్రం గుణుపురంలో. డిగ్రీ 2020లో అయింది. అప్పటి నుంచి మూడేళ్లుగా ‘ప్రిపరేషన్’. కొన్నాళ్లు బరంపురంలో కోచింగ్, తర్వాత ఇంట్లో ఫోన్లో వీడియోలు. ఎక్కువగా పెట్టుకున్న ఆశ ఒడిశా ప్రభుత్వ రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ పోస్టు మీద. మధ్యలో రైల్వే, బ్యాంకు పరీక్షలు కూడా రాశాడు. రాయగడకు రైల్వే డివిజన్ వస్తుందన్న వార్త ఆ ఇంట్లో కూడా బాగా పనిచేసింది. డివిజన్ ఆఫీసు మన ఊళ్లో పెడితే ఉద్యోగాలు మన పిల్లలకే వస్తాయని ఈ ప్రాంతంలో చాలామంది నమ్ముతున్నారు. రైల్వే బోర్డుల పరీక్షకు దేశమంతటి నుంచీ అప్లై చేస్తారు, ఆఫీసు ఎక్కడ ఉందన్నది మెరిట్ లిస్టుకు సంబంధం లేని విషయం. ఈ మాట నేను ప్రతి సీజన్లో చెబుతూనే ఉంటాను.

తండ్రి వస్తూనే చెప్పింది ఇది: "మాస్టారూ, మూడేళ్లయిపోయింది. గవర్నమెంటు ఉద్యోగం రాదు, షాపులో కూర్చోడు. మా గుంటడికి ఏటి కావాలో వాడికే తెలీదు. మీరే ఏదో ఒకటి తేల్చీండి."

తల్లి ఎక్కువ మాట్లాడలేదు. వెళ్లేటప్పుడు మాత్రం, ఏ ఉద్యోగమైనా ఫర్వాలేదు, సంబంధాలవాళ్లు అడిగితే చెప్పుకునేలా ఉండాలంది. దీన్ని చిన్న విషయంగా కొట్టిపారేసే కౌన్సెలర్లు ఉన్నారు. నేను ఫైల్లో రాసుకుంటాను. ఆ ఇంట్లో నిర్ణయం జరిగేటప్పుడు ఆ మాట కూడా అక్కడ కూర్చుని ఉంటుంది కదా.

అబ్బాయితో విడిగా మాట్లాడితే తేలినవి రెండే. ఒకటి, "షాపు నాకు పడదు మాస్టారూ." రెండోది, "మూడేళ్లు పెట్టాను, ఇప్పుడు వదిలేస్తే ఎలా?"

ముందు కాగితాలు

మామూలుగా కౌన్సెలింగ్ పుస్తకాలు ఆసక్తి, సామర్థ్యం, వ్యక్తిత్వం అనే వరసలో వెళ్తాయి. సరిహద్దు జిల్లాల్లో నేను కాగితాలతో మొదలుపెడతాను. ఎవరు ఎక్కడ పుట్టారు, ఏ క్లాసు ఏ రాష్ట్రంలో ఏ మీడియంలో చదివారు, ఏ భాష ఏ స్థాయి వరకు పాసయ్యారు అన్నవి ముందు చూడాలి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే రాష్ట్రమైనప్పుడు గీసిన గీత పిల్లల మార్కుల లిస్టుల్లో ఇంకా కనబడుతూనే ఉంటుంది.

రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ నోటిఫికేషన్ ప్రింటు తీసుకురమ్మన్నాను. తెచ్చాడు. ఖాళీలు, సిలబస్ ఉన్న పేజీలు నలిగిపోయి ఉన్నాయి. అర్హతల పేజీ కొత్తగా ఉంది. అందులో ఒడియా షరతు ఉంటుంది. అభ్యర్థికి ఒడియా మాట్లాడటం, చదవడం, రాయడం రావాలి. దానికి తోడు రుజువు కావాలి. ఏడో తరగతిలో గానీ ఆ పైన గానీ ఒడియాను ఒక భాషగా పాసై ఉండాలి, లేదా మెట్రిక్ ఒడియా మీడియంలో రాసి ఉండాలి, అదీ లేకపోతే ఎం.ఇ. (మిడిల్ ఇంగ్లీష్) స్కూలు స్థాయి ఒడియా పరీక్ష పాసై ఉండాలి.

అబ్బాయికి ఒడియా మాట్లాడటం ఒడియావాళ్లంత బాగా వచ్చు. చదవగలడు, కాస్త నెమ్మదిగా. కానీ పదో తరగతి పార్వతీపురంలో తెలుగు మీడియం. ప్లస్ టూలో, డిగ్రీలో మాతృభాష పేపరుకు బదులు ఆల్టర్నేటివ్ ఇంగ్లీష్ తీసుకున్నాడు, మార్కులు బాగా వస్తాయని ఎవరో చెబితే. అంటే ఒడియా పాసైనట్టు చేతిలో ఒక్క కాగితం లేదు. ఒకవేళ మెరిట్ లిస్టులో పేరు వచ్చినా సర్టిఫికెట్ల పరిశీలన దగ్గర ఆగిపోయేవాడు. మూడేళ్ల చదువులో ఈ సంగతి కోచింగ్‌లో ఎవరూ అడగలేదు. అక్కడ పిల్లలందరూ ఒడియా మీడియంవాళ్లే కాబట్టి అడగాల్సిన అవసరం వాళ్లకు రాలేదు.

ఇంకోవైపు ఒక తలుపు తెరిచే ఉంది, అది అతనికి తెలియదు. ఆంధ్రలో ఉద్యోగాలకు స్థానికతను అప్పట్లో, అంటే 2023లో, 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం చూసేవారు. డిగ్రీ అడిగే పోస్టయినా సరే, మెట్రిక్‌తో ముగిసేలా వరసగా నాలుగేళ్లు ఎక్కడ చదివారన్నది ముఖ్యం. ఇతను ఐదేళ్లు పార్వతీపురంలో చదివాడు. అంటే ఉమ్మడి విజయనగరం జిల్లా లోకల్ అభ్యర్థి. సొంతిల్లు, రేషన్ కార్డు, ఓటు ఉన్న రాష్ట్రంలో అడ్డం, ఒక గది కూడా లేని రాష్ట్రంలో లోకల్.

ఇది చెప్పగానే అబ్బాయి ముఖం వెలిగింది. "అయితే ఏపీ గ్రూప్స్‌కి ప్రిపేర్ అవ్వొచ్చా?" అన్నాడు. నాకు భయమేసింది. ఇంకో సిలబస్, ఇంకో మూడేళ్లు. దారి ఉందని తెలియడం వేరు, ఆ దారిలో పోవాలనుకోవడం వేరు. పోస్టాఫీసు గ్రామీణ డాక్ సేవక్ పోస్టుల గురించి కూడా అడిగాడు. తెలుగు పదో తరగతి వరకు చదివాడు కాబట్టి ఏపీ సర్కిల్‌కు అర్హుడే. కానీ ఎంపిక పూర్తిగా పదో తరగతి మార్కుల మీద. ఇతనికి వచ్చిన 8.2 జీపీఏతో జనరల్ కేటగిరీలో ఆశ పెట్టుకోవడానికి లేదు. దాన్ని అక్కడే కొట్టేశాం.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పాను: ఏ దారి పట్టినా సరే, ఒడియా పరీక్ష రాసెయ్. గుణుపురంలో బతకాలనుకునేవాడి దగ్గర ఆ కాగితం ఉండి తీరాలి.

ఆసక్తి పరీక్ష చెప్పింది, చెప్పనిది

హాలండ్ ఆరు రకాల పద్ధతిలో ఉన్న ఆసక్తి పరీక్ష ఇచ్చాను. చేతిపని, పరిశోధన, కళ, సేవ, వ్యాపారం, ఆఫీసు పని అనే ఆరింట్లో ఎటు మొగ్గు ఉందో అది చూపిస్తుంది. ఇతనికి ఆఫీసు పని ఎక్కువ, పరిశోధన రెండోది, వ్యాపారం అన్నింటికన్నా అడుగున. తండ్రి ఈ కాగితం చూసుంటే "చూశారా, షాపు వీడి వల్ల కాదు" అనేవాడు. అబ్బాయి చూసి "చూశారా, గవర్నమెంటు ఉద్యోగమే" అన్నాడు. అందుకే ఇలాంటి స్కోర్లు మొదటి రోజే చేతికివ్వడం నాకు ఇష్టం ఉండదు. అందరూ వాటిలో తమకు కావాల్సిందే చదువుకుంటారు.

ఈ పరీక్షల్లో ఇంకో ఇబ్బంది ఉంది. ‘లాబొరేటరీలో ప్రయోగాలు చేయడం మీకు ఇష్టమేనా’ అని అడుగుతుంది. జీవితంలో ల్యాబ్ లోపల అడుగు పెట్టని కామర్స్ కుర్రాడు దానికి ‘తెలియదు’ అనో, ‘ఇష్టం లేదు’ అనో టిక్కు పెడతాడు. అక్కడ స్కోరు తగ్గేది ఆసక్తి లేక కాదు, చూడలేదు కాబట్టి. పరిశోధన వైపు ఇతనికి ఆ మాత్రం స్కోరు రావడమే నాకు వింతగా అనిపించింది. అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవాలనిపించింది.

‘షాపు పడదు’ అంటే ఏది పడదు?

అబ్బాయికి ఇచ్చిన మొదటి పని ఇది. వర్షాలు పడి విత్తనాలు మొదలయ్యాక కొన్నాళ్లు షాపులో కూర్చోమన్నాను. గల్లాపెట్టె ముట్టుకోవద్దు, అమ్మకం చేయవద్దు. వచ్చినవాళ్లు ఏం అడిగారో, నువ్వేం చెప్పావో నోటుబుక్కులో రాయమన్నాను. రోజు చివర్లో ఆ రోజు పనుల్లో ఏది విసుగొచ్చింది, ఏది చేస్తున్నప్పుడు టైము తెలియలేదు అన్న రెండు ప్రశ్నలకు కూడా జవాబు రాయమన్నాను. తండ్రి నవ్వాడు. "షాపులో కూర్చుని అమ్మకం చేయకపోతే ఏటి సేస్తాడు?" అన్నాడు. అయినా ఒప్పుకున్నాడు.

ఆ నోటుబుక్కు ఇప్పటికీ నా దగ్గర జిరాక్సు ఉంది. మొదటి పేజీల్లో పొడిపొడిగా రాశాడు. ‘యూరియా రెండు బస్తాలు. గడ్డి మందు అడిగాడు.’ తర్వాత నెమ్మదిగా మారింది. ఒకచోట పత్తి ఆకు బొమ్మ గీసి పక్కన రాసుకున్నాడు: ‘అంచులు ఎర్రబడ్డాయి. పచ్చదోమా, మెగ్నీషియం లోపమా? ఈనెలు పచ్చగానే ఉన్నాయి. లోపమే కావచ్చు. మందు ఇవ్వలేదు. రేపు ఇంకో రెండు ఆకులు తెమ్మన్నాను.’ ఇంకోచోట, పుట్టాసింగి వైపు నుంచి వచ్చిన ఒక సవర రైతుతో మాట్లాడటానికి వాళ్ల భాషలో పురుగుల పేర్లు నాలుగు రాసుకున్నాడు. సెప్టెంబరు పేజీల్లో ‘గుడ్డి పూలు’ అన్న మాట మళ్లీ మళ్లీ వస్తుంది. పత్తి పువ్వు విచ్చుకోకుండా ముడుచుకుపోయి ఉంటే లోపల గులాబీ రంగు పురుగు ఉన్నట్టు. ఏ ఊరి నుంచి ఎప్పుడు మొదట ఆ మాట విన్నాడో తేదీ వేసి పెట్టుకున్నాడు. మగ రెక్కల పురుగులను వాసనతో రప్పించి పట్టే లింగాకర్షక బుట్టలు పెట్టినవాళ్లెవరు, పెట్టనివాళ్లెవరు అని ఇంకో జాబితా. ఇవేవీ నేను అడగలేదు.

విసుగు కాలమ్‌లో మాత్రం దాదాపు ప్రతిరోజూ ఒకటే మాట: ‘బాకీ’. ఖాతా మీద మందు తీసుకెళ్లినవాళ్లకు ఫోన్ చేయడం, సంత రోజు ఎదురుపడితే అడగడం, పంట అమ్మిన రోజు వాళ్ల గుమ్మం ముందు నిలబడటం. ఒక రోజు అతను రాసిన వాక్యం ఇది: ‘ఆగస్టులో సలహా చెప్పినప్పుడు బాబూ అన్న మనిషి, జనవరిలో బాకీ అడిగితే నన్ను చూసి దారి మార్చేస్తాడు.’

తండ్రి దృష్టిలో షాపంటే ఒకే పని. కొడుకు ఆ పని వద్దంటున్నాడు, కాబట్టి బద్ధకం. నోటుబుక్కు చూశాక అది ఒక పని కాదని తేలింది. సరుకు తెప్పించడం, లెక్క రాయడం, పంట జబ్బు గుర్తించడం, అమ్మడం, కంపెనీ ఏజెంటు టార్గెట్లను తట్టుకోవడం, బాకీ వసూలు చేయడం, ఇన్ని పనులున్నాయి అందులో. వీటిలో రెండు అతనికి చాలా ఇష్టం, ఒకటి పరవాలేదు, ఒకటి ప్రాణం తీస్తుంది. ఇష్టం లేనిదేదో ఇంట్లో రోజూ వినబడింది. ఇష్టమైనది ఎవరి కంటా పడలేదు. నిజానికి దాన్ని తండ్రి తప్పుగా కూడా లెక్కపెట్టాడు: "రైతు అడిగిన డబ్బా ఇచ్చి పంపకుండా పది ప్రశ్నలేస్తాడండీ. ఈలోగా నలుగురు పక్క షాపుకెళ్లిపోతారు." వ్యాపారిగా ఆయన చెప్పింది సబబే. కౌన్సెలర్‌గా నాకు కావాల్సిన సాక్ష్యం మాత్రం ఆ ఫిర్యాదులోనే దొరికింది.

మూడు చోట్ల చూసి రావడం

పనిని దగ్గరగా చూడకుండా ఎంచుకోవద్దని నేను అందరికీ చెబుతాను. ఇతన్ని మూడు చోట్లకు పంపాను.

మొదటిది రాయగడలో ఒక జీఎస్టీ ప్రాక్టీషనర్ ఆఫీసు. బీకామ్ కదా. పని శుభ్రంగా చేశాడని అక్కడివాళ్లు చెప్పారు. మధ్యాహ్నం తర్వాత మాటిమాటికీ టీ కోసం బయటికి వెళ్లేవాడట. దీని గురించి అంతకన్నా చెప్పాల్సింది లేదు.

రెండోది మాత్రం ఆసక్తికరం. రిటైరైన రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ ఒకాయన నాకు పరిచయం. ఆయన దగ్గర కూర్చోబెట్టి, ఒక ఆర్ఐ రోజు ఎలా గడుస్తుందో గంట గంటకీ చెప్పించాను. కుల, ఆదాయ, నివాస ధ్రువపత్రాలకు విచారణ రిపోర్టులు రాయాలి. భూమి కొలతల గొడవల్లో ఇద్దరి మధ్య నిలబడాలి. పైనుంచి ఫోన్ వస్తే వెంటనే కదలాలి. వాటితోపాటు ఖజణా, అంటే భూమి శిస్తు, వసూలు చూడాలి. ఏడాది చివర్లో ఎంత వసూలైంది, ఎంత బాకీ ఉంది అన్న లెక్క మీదే మాటలు పడతాయని ఆయన నవ్వుతూ చెప్పాడు. అబ్బాయి ఆ నవ్వులో కలవలేదు. బయటికి వచ్చాక, "మాస్టారూ, ఇది కూడా వసూలేనా?" అన్నాడు.

మూడేళ్లు ఒక ఉద్యోగం కోసం చదివాడు. అందులో కూర్చున్న మనిషి పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏం చేస్తాడో ఒక్కసారి కూడా చూడలేదు. ఇది ఇతని ఒక్కడి కథ కాదు. మా జిల్లాల్లో పోటీ పరీక్షలకు చదివే పిల్లలు జీతం స్కేలు, ఖాళీల సంఖ్య, కటాఫ్ నిద్రలో అడిగినా చెబుతారు. ఆ కుర్చీలో కూర్చున్నాక చేసే పని గురించి అడిగితే బిత్తరచూపులు చూస్తారు. ఉద్యోగం వచ్చాక అన్నీ అవే అలవాటవుతాయని పెద్దలు అంటారు. కొందరికి అవుతాయి కూడా. కానీ బాకీ అడగలేక సొంత షాపు నుంచే పారిపోయినవాడికి అవుతాయని నేను పందెం కాయను.

మూడోది బిస్సంకటక్ వైపు పత్తి రైతుల ఉత్పత్తిదారుల సంస్థ ఒకటి. అందరూ ఎఫ్‌పీఓ అంటారు. కేంద్రం 2020లో పదివేల ఎఫ్‌పీఓల పథకం తెచ్చినప్పటి నుంచి ఈ జిల్లాల్లో ఇవి బాగా కనబడుతున్నాయి. రైతులే వాటాదారులు. విత్తనాలు, ఎరువులు కలిసి కొంటారు, పంట కలిసి అమ్ముతారు. అబ్బాయి అక్కడ ఒక వారం ఉన్నాడు. పొద్దున వాటాల రిజిస్టరు, బిల్లులు, బ్యాంకు పని. మధ్యాహ్నం ఫీల్డు కోఆర్డినేటరుతో పాటు పొలాలకు. వారం అయ్యాక ఇంటికి రమ్మంటే, ఇంకో మీటింగు ఉంది చూసి వస్తానన్నాడు. నేను దాన్ని ఫైల్లో రాసుకున్నాను. పిల్లలు ఇష్టమని నోటితో చెప్పేదాని కన్నా, ఇంకొంచెం సేపు ఉంటానన్నప్పుడు నేను ఎక్కువ నమ్ముతాను.

చదువు వైపు తలుపులు

పంటల మీద అంత ఇష్టం ఉంటే అగ్రికల్చర్ చదవొచ్చు కదా అని చెల్లెలే అడిగింది. చూశాం. బీఎస్సీ అగ్రికల్చర్‌కు ప్లస్ టూలో సైన్సు ఉండాలి, ఇతనిది కామర్స్. ఆంధ్ర వ్యవసాయ విశ్వవిద్యాలయం పాలిటెక్నిక్ డిప్లొమాకు పదో తరగతి చాలు గానీ వయసు పరిమితి దాటిపోయింది. పదో తరగతి తర్వాత ‘లెక్కలు కష్టం, కామర్స్ తీసుకో’ అన్న ఒక్క సలహా ఎంత దూరం వచ్చిందో ఇక్కడ తెలుస్తుంది.

మిగిలింది దేశీ (DAESI) కోర్సు. ఎరువులు, మందులు అమ్మే డీలర్ల కోసం హైదరాబాద్‌లోని మేనేజ్ (జాతీయ వ్యవసాయ విస్తరణ యాజమాన్య సంస్థ) 2003లో మొదలుపెట్టిన ఏడాది డిప్లొమా ఇది. వారానికి ఒక రోజే క్లాసు. మొత్తం 48 వారాలు, అందులో 40 క్లాసులు, 8 పొలం సందర్శనలు. పదో తరగతి పాసైతే చాలు. నేలలు, తెగుళ్లు, పురుగులు, మందుల చట్టాలు అన్నీ చెబుతారు. ఉద్యోగం చేసుకుంటూ చదవొచ్చు.

దీని గురించి కనుక్కోవడానికి జిల్లా వ్యవసాయ కార్యాలయానికి వెళ్లినప్పుడు తండ్రికి ఇంకో సంగతి తెలిసింది. ఆయన ఇన్నాళ్లూ షాపు కొడుకు కోసం సిద్ధంగా ఉందనుకున్నాడు. వీడు ఊ అంటే చాలని. కానీ లైసెన్సులు ఆయన పేరు మీద ఉన్నాయి. కొత్త పేరు మీద పురుగుమందుల లైసెన్సు కావాలంటే, 2015లో మార్చిన నిబంధనల ప్రకారం వ్యవసాయం, రసాయన శాస్త్రం, వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం లాంటి సబ్జెక్టుల్లో డిగ్రీ ఉండాలి, లేదా అలాంటి డిగ్రీ ఉన్న మనిషిని పనిలో పెట్టుకోవాలి. బీకామ్ దానికి పనికిరాదు. ‘ఏదీ రాకపోతే షాపు ఉందిలే’ అని ఇంటిల్లిపాదీ అనుకుంటున్న ఆ షాపుకే అర్హత కావాలన్నమాట.

ఆ అర్హత ఇంట్లో ఒకరికి రాబోతోంది. చెల్లెలు బోటనీ ఆనర్స్ చదువుతోంది. ఈ మాట నేను అనలేదు. ఆఫీసులో గుమాస్తా ఎవరో ‘ఇంట్లో బీఎస్సీ చదివినవాళ్లు ఎవరైనా ఉన్నారా’ అని అడిగాడట. తండ్రి వెంటనే లేరన్నాడట. ఇంటికొచ్చాక కూతురు గుర్తు చేసింది.

ఇంట్లో మీటింగు

దసరా తర్వాత నలుగురినీ కూర్చోబెట్టాను. నేను ఏ ఉద్యోగం పేరూ చెప్పలేదు. ఇలాంటి మీటింగుల్లో కౌన్సెలర్ జవాబు చెబితే రేపు అది కౌన్సెలర్ తప్పు అవుతుంది. నోటుబుక్కు, మూడు చోట్ల నుంచి వచ్చిన మాటలు, కాగితాల పట్టిక, ఇవన్నీ బల్ల మీద పెట్టాను. అబ్బాయినే మాట్లాడమన్నాను.

ఎఫ్‌పీఓలో అకౌంటెంటు పోస్టు ఖాళీ ఉందని, రమ్మంటున్నారని చెప్పాడు. జీతం ఎంతని తండ్రి అడిగాడు. పదివేలు. ఆ పథకంలో అకౌంటెంటుకు కేంద్రం ఇచ్చే సాయం నెలకు గరిష్ఠంగా అంతే. తండ్రి కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మన గుమాస్తాకి అంతకన్నా ఎక్కువిస్తన్నాను కదరా," అన్నాడు.

ఆ మాటకు అబ్బాయి దగ్గర జవాబు లేదు. నా దగ్గరా పెద్దగా లేదు. నిజం నిజమే. పైగా ఆ జీతానికి వచ్చే సాయం మూడేళ్లే. ఆ తర్వాత సంస్థ తన వ్యాపారంతో తానే జీతాలు ఇచ్చుకోవాలి, లేకపోతే మూతపడుతుంది. ఈ రిస్కును నేను దాచలేదు, రెండుసార్లు చెప్పాను. మేనేజరు స్థాయికి వెళ్లాలంటే వ్యవసాయమో, బిజినెస్ మేనేజ్‌మెంటో చదివి ఉండాలని పథకం మార్గదర్శకాల్లో ఉంది. అది కూడా చెప్పాను.

తల్లి మొదటిసారి పెద్దగా మాట్లాడింది. "మూడేళ్లు కోచింగుకీ ఫోన్లకీ పెట్టింది లెక్కేస్తే వీడు ఎదురిచ్చాడు కదా. ఇక్కడ పదివేలు వస్తాయి." వ్యాపారి ఇంట్లో ఆ లెక్కకు విలువ ఉంది. సంబంధాలవాళ్ల సంగతి ఏమిటని నేనే గుర్తు చేశాను. రైతుల కంపెనీలో అకౌంట్సు ఆఫీసరని చెబుతానంది. ఆఫీసరు కాదమ్మా, అకౌంటెంటని అబ్బాయి అన్నాడు. అదొక పది నిమిషాల వాదన.

చివరికి ఒప్పుకున్న ఏర్పాటు ఇది. అబ్బాయి ఎఫ్‌పీఓలో రెండేళ్లు చేస్తాడు. దేశీ బ్యాచ్ మొదలవగానే చేరతాడు, ఫీజు తండ్రి కడతాడు. ఒడియా పరీక్ష ఈలోగా రాస్తాడు. పోటీ పరీక్షల్లో బ్యాంకు పరీక్ష ఒక్కటే ఉంచుకుంటాడు, అదీ ఒక్క ఏడాదే, పొద్దున రెండు గంటలు. ఆర్ఐ పుస్తకాలు ఎవరికైనా ఇచ్చేస్తాడు. షాపు బాకీలు గుమాస్తా చూస్తాడు. పత్తి సీజన్లో ఆదివారాలు అబ్బాయి షాపులో కూర్చుంటాడు, కానీ బాకీ పుస్తకం అతని చేతికి ఇవ్వకూడదు. ఈ చివరి షరతు అతనే పెట్టాడు. కాగితం మీద రాయమని కూడా అడిగాడు.

బ్యాంకు పరీక్ష ఉంచడం నాకు పూర్తిగా నచ్చలేదు. అతని నోటుబుక్కులో ఎక్కడా బ్యాంకు కనబడదు. కానీ మూడేళ్ల ప్రయత్నాన్ని ఒక్క సాయంత్రం పూర్తిగా వదిలెయ్యమంటే చాలామంది దాన్ని రహస్యంగా కొనసాగిస్తారు. అప్పుడు కొత్త పనీ సరిగా చేయరు. గడువు పెట్టి కళ్లముందు ఉంచుకోవడమే మేలని ఒప్పుకున్నాను.

తర్వాత

మొదటి ఆరు నెలల్లో రెండుసార్లు మానేస్తానన్నాడు. మొదటిసారి కారణం వాటా డబ్బులు. సభ్యుల నుంచి వాటా మూలధనం సేకరించాలి. పథకంలో దానికి సమానంగా కేంద్రం గ్రాంటు ఇస్తుంది, ఒక్కో రైతుకు రెండు వేల వరకు, సంస్థ మొత్తానికి పదిహేను లక్షల వరకు. అందుకని పైనుంచి ఒత్తిడి ఉంటుంది. ఊరూరా తిరిగి డబ్బులు అడగాల్సి వచ్చింది. మళ్లీ వసూలే. ఫోన్ చేసి, "మాస్టారూ, ఎక్కడికి పోయినా ఇదే పని నా వెనకాల వస్తోంది," అన్నాడు. ఆ పనిలో అతనికి దేని వల్ల కష్టంగా ఉందో మళ్లీ విడదీసి చూశాం. వాటా కట్టినవాడికి రసీదు, సర్టిఫికెట్టు, మీటింగులో ఓటు వస్తాయి. ఇక్కడ అడిగేది అప్పు కాదు. ఆ తేడా తనకు తానుగా ఒప్పుకోవడానికి కొన్నాళ్లు పట్టింది. ఇప్పటికీ ఆ పని ఇష్టంగా చేయడు, చేస్తాడంతే. నూటికి నూరు పాళ్లు నచ్చే ఉద్యోగం ఎవరికీ దొరకలేదు నా సర్వీసులో. రోజులో ఎంత భాగం నచ్చనిదైతే మనిషి తట్టుకోగలడన్నది మాత్రం ఒక్కొక్కరికీ ఒక్కోలా ఉంటుంది. ఇతనికి షాపులో అది హద్దు దాటింది, ఇక్కడ దాటలేదు.

రెండోసారి జీతం రెండు నెలలు ఆలస్యమైంది. అది తండ్రికి తెలియకుండా చెల్లెలి దగ్గర అప్పు తీసుకుని నెట్టుకొచ్చాడు. తెలిశాక ఇంట్లో గొడవ అయింది.

ఒడియా పరీక్ష పాసయ్యాడు. బ్యాంకు పరీక్షలో ప్రిలిమ్స్ దాటలేదు, గడువు అయిపోయింది, మళ్లీ అప్లై చేయలేదు. దేశీ కోర్సులో తన బ్యాచ్‌లో అందరికన్నా చిన్నవాడు. మిగతావాళ్లంతా పాతికేళ్లుగా మందులు అమ్ముతున్న డీలర్లు. పొలం సందర్శన రోజు వాళ్లు చెట్టు నీడ చూసుకుంటే ఇతను ఆకులు ఏరుకుంటూ ఉండేవాడని కోర్సు చెప్పే ఆయన ఒకసారి నాతో అన్నాడు. గుణుపురంలోని కృషి విజ్ఞాన కేంద్రం వాళ్లతో పరిచయం పెరిగింది. ఎఫ్‌పీఓ సభ్యుల పొలాల్లో లింగాకర్షక బుట్టల్లో పడిన రెక్కల పురుగులను వారానికోసారి లెక్కపెట్టి రాసే పని అతనే అడిగి తీసుకున్నాడు. అకౌంటెంటు ఉద్యోగ పత్రంలో ఆ పని లేదు. దానికి జీతమూ లేదు.

మేనేజరు పోస్టు ఎప్పటికైనా కావాలంటే దూరవిద్యలో ఎంబీఏ చేయాలా అని ఈ మధ్య అడిగాడు. రెండేళ్ల గడువు పూర్తయ్యాక, సంస్థ తన కాళ్ల మీద నిలబడిందో లేదో చూసి అప్పుడు ఫీజు కట్టమన్నాను. నిలబడకపోతే దేశీ డిప్లొమా, ఒడియా కాగితం, మూడు భాషలు, పత్తి మీద మూడు సీజన్ల నోట్సు ఉన్న బీకామ్ కుర్రాడికి విత్తన కంపెనీల్లోనో, వ్యవసాయ రుణాలు ఇచ్చే సంస్థల్లోనో పని వెతకడం మొదలుపెడతాం. రుణాల సంస్థ అంటే మళ్లీ వసూలు ఉంటుందని అతనే ముందుగా అన్నాడు.

షాపు లైసెన్సు విషయం ఇంకా తేలలేదు. చెల్లెలి డిగ్రీ పూర్తి కావస్తోంది. ఆమె పేరు మీద తీసుకుందామంటే తండ్రి పెళ్లయ్యాక ఎలా అంటున్నాడు. వచ్చే నెల ఆమె నా దగ్గరికి వస్తానంది, ఒంటరిగా.